వీ1 న్యూరాన్లు కొలిచేది తేడాను, లోతును కాదు

చెన్నైలో ఏ హోటల్లోనైనా కాఫీని గ్లాసులోంచి డబరాలోకి ఎత్తి పోసే మనిషి చేతులు కాసేపు గమనించండి. కంటికి అర మీటరు దూరంలో గ్లాసు అంచు, దానికి ఒక సెంటీమీటరు వెనకగా డబరా అంచు ఉన్నాయనుకుందాం. పెద్దవాళ్లలో రెండు కంటిపాపల మధ్య ఎడం సగటున 63 మిల్లీమీటర్లు. అంత ఎడంగా ఉన్న రెండు చోట్ల నుంచి చూస్తాయి కాబట్టి, ఆ అంచుల మధ్య దూరం కుడి కంటి రెటీనా (కంటి లోపల వెనక ఉండే తెర) మీద ఒక రకంగా, ఎడమ కంటి రెటీనా మీద ఇంకో రకంగా పడుతుంది. ఈ తేడాకే డిస్పారిటీ అని పేరు. మెదడులో దీన్ని మొదట కొలిచేవి వీ1 అనే ప్రాంతంలోని న్యూరాన్లు, అంటే నాడీకణాలు. పై ఉదాహరణలో డిస్పారిటీ సుమారు 520 ఆర్క్ సెకండ్లు. ఒక డిగ్రీకి 3600 ఆర్క్ సెకండ్లు కాబట్టి డిగ్రీలో ఏడో వంతు అన్నమాట. అదే మనిషి బయటికొచ్చి అన్నాశాలై మీద 50 మీటర్ల దూరంలో ఉన్న బస్సునూ, దానికి మీటరు వెనక ఉన్న ఆటోనూ చూస్తే డిస్పారిటీ 5 ఆర్క్ సెకండ్లకు పడిపోతుంది.

లెక్క చాలా తేలిక. రెండు కళ్ల మధ్య ఎడాన్ని, రెండు వస్తువుల మధ్య దూరంతో గుణించి, చూసే దూరపు వర్గంతో భాగించాలి. వచ్చిన రేడియన్లను 2,06,265తో గుణిస్తే ఆర్క్ సెకండ్లు వస్తాయి. భాగహారంలో వర్గం ఉంది కాబట్టే రెండు కళ్లతో తెలిసే లోతు చేతికందే దూరంలో అద్భుతంగా పనిచేసి, రోడ్డు మీద దాదాపు చేతులెత్తేస్తుంది. 40 ఆర్క్ సెకండ్ల తేడాను పట్టగలిగే మామూలు చూపు, 40 సెంటీమీటర్ల దగ్గర అర మిల్లీమీటరు ముందూవెనకలను గుర్తిస్తుంది. 10 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్ల లోపు తేడా దానికి అందదు. బస్సు ఎంత దూరంలో ఉందో మనం ఎక్కువగా దాని పరిమాణాన్ని బట్టి, కదలికను బట్టి, ఏది దేనికి అడ్డొస్తోందన్న దాన్ని బట్టి అంచనా వేస్తాం.

డిస్పారిటీ ఒక్కటే ఉన్నా లోతు కనిపించడానికి సరిపోతుందని 1838లో చార్లెస్ వీట్‌స్టన్ నిరూపించాడు. రెండు అద్దాల సాయంతో ఒక్కో కంటికి కొద్దిగా వేరైన బొమ్మను చూపించే స్టీరియోస్కోప్ ఆయన తయారుచేసిందే. అయితే ఆయన బొమ్మల్లో గీతలున్నాయి, ఆకారాలున్నాయి. ముందు ఒక్కో కన్ను ఆకారాన్ని గుర్తుపట్టి, ఆ తర్వాతే మెదడు రెండింటినీ పోలుస్తోందేమో అన్న అనుమానానికి అక్కడ చోటుంది. 1960లో బెల్ ల్యాబ్స్‌లో బేలా యూలేష్ ఆ అనుమానం తీర్చేశాడు. ఆయన చేసిన పని ఇది: కంప్యూటర్‌తో నలుపు తెలుపు చుక్కలను ఎలా పడితే అలా చల్లిన ఒక చతురస్రం తీసుకుని, దానికి నకలు తీశాడు. నకలులో మధ్య ఉన్న చిన్న చతురస్రంలోని చుక్కలను మాత్రం కొన్ని గళ్లు పక్కకు జరిపాడు. జరపడంతో ఏర్పడ్డ ఖాళీని కొత్త చుక్కలతో నింపేశాడు. ఒక కన్ను మూసుకుని చూస్తే రెండు బొమ్మల్లోనూ ఇసుక చల్లినట్టు తప్ప ఏమీ ఉండదు. రెండు కళ్లకూ విడివిడిగా చూపిస్తే మధ్య చతురస్రం కాగితం మీంచి పైకి లేచి నిలబడుతుంది. అంటే లోతు తెలియాలంటే ముందుగా వస్తువును గుర్తుపట్టాల్సిన పని లేదు. చుక్కల స్థాయిలోనే పోలిక జరుగుతోంది. మరి ఎక్కడ?

రెండు కళ్ల సమాచారం మెదడులోకి రాగానే కలిసిపోదు. రెండు కళ్ల నరాలూ కలిసే ఆప్టిక్ కయాజమ్ దగ్గర ఒక్కో కంటి నుంచి వచ్చే నరపోగుల్లో సగానికి కాస్త ఎక్కువ అవతలి వైపుకు దాటుతాయి, మిగిలినవి ఇటే ఉండిపోతాయి. ఈ ఏర్పాటు వల్ల దృశ్యంలో ఎడమ సగానికి సంబంధించి రెండు కళ్ల సమాచారమూ కుడి మెదడుకే చేరుతుంది. అక్కడి నుంచి మెదడు మధ్యలోని థలామస్‌లో ఉండే లేటరల్ జెనిక్యులేట్ కేంద్రకానికి వెళితే, ఆరు పొరల్లో మూడు ఒక కంటివి, మూడు ఇంకో కంటివి. ఇంకా కలవలేదు. తల వెనక భాగంలో ఉన్న ప్రాథమిక విజువల్ కార్టెక్స్, అంటే వీ1కి చేరాక కూడా, కోతుల్లో నాలుగో పొరలోని సీ భాగంలో ఒక్కో న్యూరాన్ ఒక్క కంటి మాటే వింటుంది. ఆ పొరకు పైనా కిందా ఉన్న పొరల్లోనే మొదటిసారి ఒకే న్యూరాన్ రెండు కళ్లకూ స్పందించడం మొదలవుతుంది.

ఇలాంటి న్యూరాన్లను పిల్లుల్లో డేవిడ్ హ్యూబెల్, టార్స్టన్ వీసల్ 1962 నాటికే వర్ణించారు. అవి డిస్పారిటీని కొలుస్తున్నాయని చూపింది 1967లో హోరేస్ బార్లో, కోలిన్ బ్లేక్‌మోర్, జాన్ పెటిగ్రూ. ప్రతి వీ1 న్యూరాన్‌కూ రెటీనా మీద ఒక చిన్న కిటికీ ఉంటుంది. ఆ కిటికీలో కాంతి మారితేనే దానికి తెలుస్తుంది. రెండు కళ్లకూ స్పందించే న్యూరాన్‌కు రెండు కిటికీలు, కంటికొకటి. అవి రెండు రెటీనాల మీద సరిగ్గా ఒకే చోట ఉంటే ఆ న్యూరాన్, మనం చూపు నిలిపిన దూరంలోని వస్తువులకు బాగా స్పందిస్తుంది. ఒక కిటికీ కాస్త పక్కకు జరిగి ఉంటే, చూపు నిలిపిన చోటికన్నా ముందున్న వాటికో, వెనకున్న వాటికో స్పందిస్తుంది. ఇంకో పద్ధతీ ఉంది. కిటికీలు ఒకే చోట ఉన్నా, వాటి లోపల వెలుగుకు స్పందించే పట్టీ, చీకటికి స్పందించే పట్టీ ఒక కంటికీ ఇంకో కంటికీ కొద్దిగా జరిగి ఉండొచ్చు. వీ1 ఈ రెండు ఏర్పాట్లనూ వాడుకుంటుంది.

1977లో జ్యాన్ పోజియో, బర్కార్ట్ ఫిషర్ మెలకువగా ఉన్న కోతుల్లో కొలిచి ఈ న్యూరాన్లను రకాలుగా విడదీశారు: చూపు నిలిపిన దూరం దగ్గర మాత్రమే పదునుగా స్పందించేవి, సరిగ్గా అక్కడే మౌనం వహించేవి, దగ్గరి వాటికి స్పందించేవి, దూరపు వాటికి స్పందించేవి. పాఠ్యపుస్తకాల్లో ఈ నాలుగు పెట్టెలే ఇంకా కనిపిస్తాయి. తర్వాతి కొలతల్లో పెట్టెల మధ్య గోడలు నిలవలేదు. న్యూరాన్లు ఒక కొస నుంచి ఇంకో కొసదాకా వరసగా పరుచుకుని ఉన్నాయని తేలింది. ఏ ఒక్క న్యూరానూ లోతు ఇంత అని చెప్పదు. చాలా న్యూరాన్ల స్పందనలను కలిపి చదవాల్సిందే. రెటీనా మధ్యలోని ఫోవియాలో వెలుగును పట్టే కోన్ కణాల మధ్య దూరం దాదాపు 30 ఆర్క్ సెకండ్లు. చూపు పదునైన మనుషులు 5 ఆర్క్ సెకండ్ల డిస్పారిటీని కూడా పట్టగలరు. ఒక కణం వెడల్పులో ఆరో వంతును పట్టగలగడం ఈ ఉమ్మడి చదువు వల్లే సాధ్యం.

ఇప్పుడు ఒక్క న్యూరాన్ లోపల జరిగే లెక్క చూద్దాం. ఈ విషయం మొత్తానికి కీలకం ఇదే. 1990లో ఇజుమి ఒజావా, గ్రెగ్ డీఏంజెలిస్, రాల్ఫ్ ఫ్రీమన్ ప్రతిపాదించిన ఎనర్జీ మోడల్ ప్రకారం, సింపుల్ సెల్ అనే న్యూరాన్ ఎడమ కిటికీ నుంచి వచ్చిన సంఖ్యనూ కుడి కిటికీ నుంచి వచ్చిన సంఖ్యనూ కూడుతుంది. బొమ్మలోని వెలుగుచీకట్లు కిటికీలోని పట్టీలతో సరిపోతే ఆ సంఖ్య ధనాత్మకం, తారుమారుగా ఉంటే రుణాత్మకం. మొత్తం ధనాత్మకమైతే దాన్ని వర్గం చేసి ఆ మేరకు స్పందిస్తుంది, రుణాత్మకమైతే ఊరుకుంటుంది. ఎడమ 3, కుడి 3 అయితే మొత్తం 6, స్పందన 36. ఎడమ 3, కుడి 0 అయితే స్పందన 9. ఎడమ 3, కుడి మైనస్ 3 అయితే స్పందన సున్నా. రెండూ మైనస్ 3 అయితే ఈ న్యూరాన్ ఊరుకున్నా, దీనికి సరిగ్గా వ్యతిరేక పట్టీలున్న జోడీ న్యూరాన్ 36 ఇస్తుంది. ఇలాంటి నాలుగు సింపుల్ సెల్స్ స్పందనలను కలుపుకునే కాంప్లెక్స్ సెల్‌కు, వస్తువు కిటికీలో ఏ మూల ఉందన్న పట్టింపు పోయి డిస్పారిటీ మాత్రం మిగులుతుంది. బడిలో నేర్చుకున్న సూత్రమే ఇక్కడ పనిచేస్తోంది: కూడి వర్గం చేస్తే విడివిడి వర్గాలతో పాటు రెండింటి లబ్ధానికి రెట్టింపు కూడా వస్తుంది. డిస్పారిటీ సమాచారమంతా ఆ లబ్ధంలోనే ఉంది. కాబట్టి న్యూరాన్ చేస్తున్నది రెండు కళ్ల బొమ్మలు ఆ చిన్న కిటికీలో ఎంతవరకు సరిపోలుతున్నాయో చూడటం.

లబ్ధం అనగానే ఒక చిక్కు వస్తుంది. యూలేష్ చుక్కల బొమ్మల్లో ఒక కంటి బొమ్మలో మాత్రం నల్లచుక్కలను తెల్లగా, తెల్లచుక్కలను నల్లగా మార్చేస్తే ఏమవుతుంది? కుడి సంఖ్యల గుర్తులన్నీ తారుమారవుతాయి, లబ్ధం గుర్తూ మారిపోతుంది. అలాగైతే న్యూరాన్ ఏ డిస్పారిటీకి ఎక్కువగా స్పందించేదో దానికే తక్కువగా స్పందించాలి. 1997లో బ్రూస్ కమింగ్, ఆండ్రూ పార్కర్ కోతుల వీ1లో కొలిచి చూస్తే అచ్చం అలాగే జరిగింది. స్పందనల గ్రాఫ్ తలకిందులైంది, కాకపోతే మోడల్ చెప్పినంత ఎత్తు లేదు. దట్టంగా చుక్కలున్న ఇలాంటి బొమ్మలో మనుషులకు గానీ కోతులకు గానీ లోతే కనిపించదు. వీ1 న్యూరాన్లు మాత్రం ఒక డిస్పారిటీ ఉన్నట్టు స్పందిస్తూనే ఉంటాయి.

దీన్నిబట్టి వీ1 స్పందనను లోతుతో సమానం చేయకూడదని తేలిపోయింది. లోతు చూసే న్యూరాన్లు దొరికాయని రాసే వ్యాసాలు ఈ ఒక్క ఫలితాన్ని దాటేసి పోవడం నిజంగా బాధ కలిగించే విషయం. ఇదే సమయంలో ఇంకో సంగతి కూడా బయటపడింది. అలాంటి తారుమారు బొమ్మను హఠాత్తుగా చూపిస్తే, లోతు కనిపించకపోయినా కళ్లు మాత్రం తప్పు వైపుకు కదులుతాయి. ముక్కు వైపుకు వాలాల్సింది బయటికి, బయటికి విచ్చుకోవాల్సింది లోపలికి. ఈ కదలిక మనుషుల్లో సెకనులో పదో వంతు కూడా గడవకముందే మొదలవుతుంది. కళ్లను లక్ష్యం మీదికి మళ్లించే వ్యవస్థకు వీ1 తరహా ముడిలెక్క చాలు. చూపులో లోతుగా అనుభవమయ్యేది మాత్రం ఆ లెక్కను ఇంకా జల్లెడ పట్టాక మిగిలింది.

జల్లెడ ఎందుకంటే తప్పుడు జతలు అన్ని ఉంటాయి. ఎడమ బొమ్మలోని ఒక నల్లచుక్క కుడి బొమ్మలోని ఏ నల్లచుక్కతోనైనా జత కట్టగలదు. వంద చుక్కల వరుసలో సగం నలుపైతే ఒక్కో నల్లచుక్కకూ యాభై జతలు సాధ్యం, నిజమైనది ఒకటే. వీ1 న్యూరాన్ తన కిటికీలో పడిన జత నిజమైనదో కాదో తేల్చుకోలేదు. ఆ పని వీ1 నుంచి సమాచారం అందుకునే వీ2, వీ4 లాంటి పై ప్రాంతాలది. పక్కపక్క చోట్ల డిస్పారిటీ సాధారణంగా నెమ్మదిగా మారుతుందన్న నియమం, పెద్ద కిటికీలు ఇచ్చే మోటు అంచనాతో చిన్న కిటికీల సన్నని అంచనాను సరిచూసుకోవడం, సరిపోలని జతలకు బలంగా స్పందించే న్యూరాన్ల సాయంతో అసాధ్యమైన జవాబులను కొట్టేయడం ఇందులో భాగాలు. తారుమారు చుక్కలకు వచ్చే స్పందన వీ4లో బాగా తగ్గిపోతుంది. వస్తువుల ఆకారాన్ని చూసే ఇన్ఫీరియర్ టెంపోరల్ కార్టెక్స్‌లో దాదాపు మాయమవుతుంది.

వీ1తో తీరని ఇంకో అవసరం కూడా ఉంది. వీ1 కొలిచేది చూపు నిలిపిన చోటుతో పోల్చిన డిస్పారిటీ. కళ్లు కొంచెం కదిలితే ఆ సంఖ్యలన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. రెండు వస్తువుల మధ్య ఉండే తేడా మాత్రం కళ్లు కదిలినా మారదు. మనకు పదునుగా తెలిసేది ఈ రెండో రకమే. దానికి స్పందించే న్యూరాన్లు వీ2లో కొన్ని కనిపిస్తాయి. కదలికను చూసే ఎంటీ ప్రాంతంలో ఒకే డిస్పారిటీని ఇష్టపడే న్యూరాన్లు గుంపులుగా ఉంటాయి. 1998లో డీఏంజెలిస్, కమింగ్, విలియం న్యూసమ్ అలాంటి గుంపులో సన్నని ఎలక్ట్రోడ్‌తో స్వల్ప విద్యుత్తు పంపినప్పుడు, కోతి ఇచ్చే లోతు జవాబులు ఆ గుంపు ఇష్టపడే దూరం వైపుకే మొగ్గాయి. స్పందించడం వేరు, నిర్ణయాన్ని నడిపించడం వేరు. రెండోది ఎంటీ విషయంలో నేరుగా రుజువైంది.

చిన్న కిటికీల పరిమితిని పరికరాలేవీ లేకుండా ఇంట్లోనే చూడొచ్చు. బాల్కనీలో అడ్డంగా బిగించి కట్టిన నున్నటి దండెం తీగను, రెండు కొసలూ కనిపించకుండా చేతులతో చూపును కప్పుకుని చూడండి. అది ఎంత దూరంలో ఉందో చెప్పడం కష్టమవుతుంది. తలను భుజం మీదికి వాలిస్తే వెంటనే తేలిపోతుంది. తీగ అడ్డంగా ఉన్నప్పుడు రెండు కళ్ల బొమ్మలను పక్కకు ఎంత జరిపినా ఒకేలా సరిపోతాయి, కిటికీలో కొలవడానికి తేడా ఏమీ మిగలదు. తల వాలగానే కళ్ల మధ్య ఎడం తీగకు అడ్డంగా తిరిగి, తేడా పుడుతుంది. తీగ మీద క్లిప్పు గానీ బట్ట అంచు గానీ ఉంటే ఈ ప్రయోగం కుదరదు, ఆ నిలువు అంచు దగ్గర న్యూరాన్లకు జత దొరికిపోతుంది.

ఈ యంత్రాంగం మొత్తానికి పునాది పసితనంలోనే పడుతుంది. పిల్లల డాక్టర్లకు ఇది బాగా తెలిసినా ఇళ్లలో ఇంకా పూర్తిగా ఇంకని విషయం. కోతిపిల్లల్లో పుట్టిన మొదటి వారంలోనే డిస్పారిటీకి స్పందించే వీ1 న్యూరాన్లు కనిపిస్తాయి. మనిషి పిల్లల్లో లోతు తెలియడం మూడు నుంచి ఐదు నెలల మధ్య మొదలవుతుంది. హ్యూబెల్, వీసల్ 1965లో పిల్లికూనలకు మెల్లకన్ను తెప్పించి చూశారు. మామూలుగా వీ1లో ఐదింట నాలుగు న్యూరాన్లు రెండు కళ్లకూ స్పందిస్తాయి, ఆ పిల్లుల్లో ఐదింట ఒకటే మిగిలింది. ఒక్కో కన్నూ విడిగా బాగానే పనిచేస్తోంది, న్యూరాన్లు మాత్రం చెరో కంటి పక్షాన చేరిపోయాయి. రెండు కిటికీల్లో ఎప్పుడూ వేర్వేరు దృశ్యాలు పడుతుంటే సరిపోలే అవకాశమే లేక రెండింటిలో ఒక కనెక్షన్ బలహీనపడిపోతుంది. ఈ పరిశోధనలకే వాళ్లిద్దరూ 1981 నోబెల్ బహుమతిలో భాగస్వాములయ్యారు.

మెల్లకన్ను అదృష్టమనీ, పెద్దయితే అదే పోతుందనీ మన ఇళ్లలో అనే మాట ఇక్కడ నిజంగా హాని చేస్తుంది. మొదటి మూడు నాలుగు నెలల్లో కళ్లు అప్పుడప్పుడూ పక్కకు పోవడం మామూలే. నాలుగు నెలలు దాటాక కూడా పోతుంటే, లేదా ఏ వయసులోనైనా ఒక కన్ను ఎప్పుడూ పక్కకే ఉంటే చూపించాల్సిందే. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పసివాళ్లలో మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. దీపం వెలుగు రెండు కంటిపాపల్లోనూ ఒకే చోట మెరుస్తోందో లేదో చూసి డాక్టర్ తేల్చేస్తారు. పుట్టుకతో ఒక కంటికే శుక్లం ఉంటే గడువు ఇంకా తక్కువ, ఆరు వారాల లోపు ఆపరేషన్ జరిగితేనే మంచి చూపుకు ఆశ ఎక్కువ. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి బిడ్డను చెన్నైలో, 1819లో మొదలైన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రికో, శంకర నేత్రాలయకో తీసుకెళ్లాలనుకునే కుటుంబాలు పండగ దాటాక, సెలవులు వచ్చాక అని వాయిదా వేసుకోకూడనిది ఈ రెండు సందర్భాల్లోనే.

అక్కడ చేసే లోతు పరీక్షలో కూడా మెలకువలు ఉన్నాయి. పెద్ద ఈగ బొమ్మ ఉండే టిట్మస్ పుస్తకాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో నిటారుగా పట్టుకుని, పోలరాయిడ్ కళ్లద్దాలను సొంత కళ్లజోడు మీదే పెట్టించాలి. తల వాల్చితే పోలరాయిడ్ సరిగా విడదీయదు. ఈగ డిస్పారిటీ సుమారు 3000 ఆర్క్ సెకండ్లు, పక్కనున్న వలయాలు 800 నుంచి 40 దాకా దిగుతాయి. మొదటి కొన్ని వలయాల్లో మారిన వలయం కొంచెం పక్కకు జరిగి ఉండటం ఒక కంటితోనే కనిపెట్టొచ్చు. తెలివైన పిల్లలు ఆ ఆధారంతోనే సరైన జవాబు చెప్పేస్తారు. అందుకే ఏది వేరుగా ఉందని కాకుండా ఏది పైకి వచ్చిందని అడగాలి. పుస్తకాన్ని తలకిందులు చేస్తే పైకి వచ్చింది లోపలికి పోవాలి. పాప అప్పుడూ పైకే వచ్చిందంటే జవాబు ఇంకో ఆధారంతో వస్తున్నట్టే. ఎరుపు, ఆకుపచ్చ కళ్లద్దాలతో చూసే టీఎన్‌ఓ పుస్తకంలో యూలేష్ తరహా చుక్కలే ఉంటాయి, 480 నుంచి 15 ఆర్క్ సెకండ్ల దాకా. అందులో ఒక కంటితో చెప్పడానికి వీలుండదు.

చూపు మందగించిన కంటిని బలపరచడానికి మంచి కంటికి ప్యాచ్ వేస్తారు. మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లల్లో, చూపు మధ్యస్థంగా తగ్గినప్పుడు, రోజుకు రెండు గంటలు వేసినా ఆరు గంటలు వేసినా నాలుగు నెలల తర్వాత ఫలితం ఒకేలా ఉందని పరీక్షల్లో తేలింది. ప్యాచ్ ఉన్నంతసేపు వీ1లోని రెండు కిటికీల్లో ఒకటి మూసే ఉంటుంది కాబట్టి పోల్చే పనికి సాధన దొరకదు. అందుకే అక్షరాల పట్టీ మీద చూపు పెరిగిన పిల్లలందరికీ లోతు తిరిగి రాదు. చూపు పరీక్ష మెరుగైనప్పుడల్లా లోతు పరీక్షను విడిగా చేయించి రాయించుకోవాలి.

పెద్దవాళ్లలో కనెక్షన్లన్నీ సవ్యంగా ఉన్నా సమయం తప్పితే లెక్క తప్పుతుంది. వెలుగు తక్కువగా అందే కంటి సంకేతం వీ1కి కొన్ని మిల్లీసెకండ్లు ఆలస్యంగా చేరుతుంది. 1922లో కార్ల్ పుల్‌ఫ్రిచ్ వివరించిన భ్రాంతికి కారణం ఇదే. సెకనుకు 20 డిగ్రీల వేగంతో పక్కకు పోతున్న ఆటో, 10 మిల్లీసెకండ్లలో 720 ఆర్క్ సెకండ్లు జరిగిపోతుంది. న్యూరాన్లు ఒక కంటి పాత బొమ్మను ఇంకో కంటి కొత్త బొమ్మతో జతచేస్తాయి. కుడి కంటికి వెలుగు తగ్గితే ఎడమ నుంచి కుడికి పోయే ఆటో ఉన్నదానికన్నా దగ్గరగా, కుడి నుంచి ఎడమకు వచ్చేది దూరంగా కనిపిస్తుంది. కుడి కంటికి ముదురు చలువ కళ్లద్దం అడ్డం పెట్టుకుని, దారానికి కట్టిన తాళంచెవిని పక్కలకు ఊపిస్తూ రెండు కళ్లతో చూస్తే అది గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయి రెండోది ఇంకా ముదురు శుక్లంతో ఉన్నవాళ్లకు రోడ్డు దాటేటప్పుడు ఇలాంటి తప్పు రావచ్చు, మెట్లు దిగేటప్పుడు అంచుల డిస్పారిటీ కూడా సరిగా అందదు. రెండో కంటి ఆపరేషన్ జరిగేదాకా మెట్ల మీద చేతిగర్ర గానీ రెయిలింగ్ గానీ పట్టుకోవడం, మెట్ల అంచులకు రంగు పట్టీ వేయించడం, బండి నడపడం మానుకోవడం అవసరం. రెండో కన్ను కూడా తేటపడ్డాక చాలామందిలో లోతు పరీక్ష అంకెలు మెరుగవుతాయి.